మడమ మీద మచ్చ

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట మోగేది అలారం కాదు, వదిన గొంతు.

"ఒరేయ్ తమ్ముడూ, నోరు తెరు. థర్మామీటర్."

ఆయన మంచం మీద లేచి కూర్చుని బుద్ధిగా నోరు తెరిచాడు. యాభై రెండేళ్ల మనిషి, అక్కగారి ముందు మాత్రం ఇంకా రెండో తరగతే. ఆయన భార్యకి వదిన అయ్యే ఆ అక్క ముప్పై రెండేళ్లపాటు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. రెండు వారాలు సాయంగా ఉండి వెళ్తానని వచ్చింది, నాలుగు నెలలైంది. వచ్చిన రోజు నుంచీ తమ్ముడి జ్వరం, బరువు, తిన్నది, తినకుండా వదిలేసింది, అన్నీ ఒక లావుపాటి నోట్‌బుక్కులో గళ్లు గీసి రాస్తోంది. ఆ పుస్తకం చూస్తే రోగం కూడా హోంవర్కు చేసుకొస్తుందని ఆయన అంటుంటాడు.

వంటింట్లో ఆయన భార్య ఫ్రిజ్ తెరిచి మాత్రల సీసా తీసింది. ఒక రకం మాత్రలు ఫ్రిజ్‌లో ఉండాలి, రెండో రకం బయట ఉండాలి. రెండూ పరగడుపునే వేసుకోవాలి. వేసుకున్నాక గంటసేపు మంచినీళ్లు తప్ప ఏదీ గొంతు దిగకూడదు. కళ్లు తెరవగానే టీ గ్లాసు చేతిలో ఉండాల్సిన మనిషికి ఆ గంట ఎంత పెద్దదో ఆమెకే తెలుసు. ఆ గంటసేపూ ఆయన గడియారాన్ని పాత పగవాణ్ణి చూసినట్టు చూస్తాడు. ఆమె కూడా తాగకుండా కూర్చుంటుంది. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. ఈమధ్య ఆమెకి ఎంత పడుకున్నా తీరని అలసట.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వీధిలో అందరికీ లిఫ్టాయన. నాలుగు నెలల క్రితం కుడి మడమ మీది నల్లమచ్చ చర్మ క్యాన్సరని తేలింది. మచ్చని లోతుగా కోసి తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికారు. గజ్జల్లో గ్రంథిదాకా కూడా పాకిందన్నారు. కోసిన ముక్కని పరీక్షకి పంపితే అందులో ఒక ప్రోటీను తేడాగా ఉందని, దానికి సరిపడే మాత్రలున్నాయని చెప్పారు. ఆ మాత్రలే ఇవి.

"ఇంతకీ ఆ ప్రోటీను సంగతేమిట్రా?" వదిన నూటొకటోసారి అడిగింది. "గుడ్డులో ఉంటుందంటారు, అదేనా?"

"గుడ్డు తింటే తగ్గేదైతే ఈపాటికి కోళ్లఫారం పెట్టేవాణ్ణి. విను. నువ్వు మూడో అంతస్తులో బటన్ నొక్కావనుకో. ఆ కబురు తీగలోంచి రిలేకి వెళ్తుంది. రిలే మోటారుకి చెప్తుంది. మోటారు తిరుగుతుంది, లిఫ్టు వస్తుంది. నువ్వు ఎక్కి దిగిపోయాక కబురు ఆగిపోతుంది. అవునా?"

"ఊఁ."

"చర్మంలో కణానికీ అంతే. పెరగమని బయట నుంచి కబురొస్తుంది. ఆ కబురు ఒక ప్రోటీను ఇంకో ప్రోటీనుకి అందిస్తుంది, అది ఇంకోదానికి, అలా కణం నడిమధ్యదాకా. అవసరం తీరాక ఆగాలి. నాలో మధ్యనున్న రిలే ఒకటి అంటుకుపోయింది. ఎవడూ బటన్ నొక్కకుండానే పెరుగు, పెరుగు అని చెప్తూనే ఉంది. ఒక మాత్ర దాని నోరు నొక్కుతుంది. రెండోది దాని పక్కవాడి నోరు నొక్కుతుంది."

"మళ్లీ నోరు తెరిస్తే?"

ఆయన గడియారం వైపు చూశాడు. "ఇంకా నలభై నిమిషాలుంది టీకి" అన్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న ఆమెకి ఒక్క ప్రశ్న గొంతుదాకా వచ్చి ఆగింది. అసలు ఆ రిలే ఎందుకు అంటుకుపోయింది? నాలుగు నెలలుగా ఆ ప్రశ్న ఆమె ఆస్పత్రిలో డాక్టరమ్మని అడగలేదు. జవాబు తనకి తెలుసని ఆమె భయం.

వదిన నోట్‌బుక్కు పక్కనపెట్టి తెల్లకాగితం తీసింది. "రేపు ఆస్పత్రికి వెళ్లాలి కదా. వచ్చే వారం పెద్ద డాక్టర్లంతా కూర్చుని వీడి కేసు చూస్తారట. మొదటి నుంచీ జరిగిందంతా రాసి తెమ్మంది డాక్టరమ్మ. పాత ఫొటోలేవైనా ఉంటే అవీ తెమ్మంది. చెప్పమ్మాయ్, మచ్చ మొదటిసారి ఎప్పుడు చూశారు?"

"ఆపరేషన్‌కి రెండు నెలల ముందు, వదినా."

వదిన గుండ్రటి అక్షరాలతో ఆ మాట రాసి కింద గీత గీసింది.

అది అబద్ధం. మొదటిరోజు డాక్టరమ్మ అడిగినప్పుడు నోటికి ఏదొస్తే అది అనేసింది, ఆ తర్వాత దాన్నే పట్టుకుని వేలాడుతోంది. ఆ మచ్చని ఆమె చూసి రెండేళ్లు దాటింది.

ఆమె పని చేసేది బ్యూటీ పార్లర్‌లో. ముఖాలు, జుట్టు వేరేవాళ్లు చూస్తారు, ఆమెవి కాళ్లు. పంతొమ్మిదేళ్లుగా ఊళ్లోవాళ్ల పాదాలు వేడినీళ్లలో పెట్టించి, మడమలు రాయితో రుద్ది, గోళ్లు తీర్చి పంపుతోంది. సెలవురోజు ఇంట్లో ఆయన పాదాలు పట్టుకునేది. పిల్లల్లేని ఇల్లు. ఆ పూట ఇద్దరికీ అదే ముచ్చట. ఆయన కాళ్లు బకెట్లో పెట్టి వారమంతా ఎక్కడెక్కడ లిఫ్టులు ఆగాయో, ఎవరెవరు లోపల ఇరుక్కుని ఎంత గోల చేశారో చెప్పేవాడు. ఆమె నవ్వుతూ రుద్దేది. లిఫ్టు గోతుల్లో తిరిగే కాళ్లు, మడమ పగుళ్లలో గ్రీజు ఎప్పుడూ ఉండేదే. బఠాణీగింజంత నల్లమరక కనపడితే గ్రీజనుకుంది. రుద్దితే పోలేదు. పార్లర్ క్రీము రాసి, బ్లేడుతో పైచర్మం పల్చగా తీసింది. కాస్త వెలిసింది. మళ్లీ నల్లబడింది. మళ్లీ తీసింది.

పోయిన ఏడాది ఒకరోజు అది రూపాయి బిళ్లంత కనిపించింది. ఇది గ్రీజు కాదు అని మనసులో ఎవరో అన్నట్టే అనిపించింది. ఆ నెల పార్లర్‌లో ఊపిరాడని పని. చూద్దాంలే అనుకుంది. పంతొమ్మిదేళ్లు కాళ్లే చూసిన మనిషి కట్టుకున్నవాడి కాలు చూసుకోలేకపోయింది, ఆ సంగతి ఏ నోటితో చెబుతుంది?

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆమె ఆయన పాదం ముట్టుకోలేదు. కట్టు విప్పే వేళకి ఏదో ఒక పని చూసుకుని వంటింట్లోకి పోయేది.

ఆ రోజు హడావిడిలో టిఫిన్ డబ్బా మర్చిపోయి పార్లర్‌కి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఒకావిడ మడమలు రుద్దుతూ ఉండగా తలుపు తెరుచుకుంది. డబ్బా పట్టుకుని వదిన.

"నడిచొచ్చారా వదినా, ఇంత ఎండలో?"

"కాళ్లున్నాయి కదమ్మా. తినకుండా పడిపోతే ఇద్దరు రోగుల్ని చూడలేను నేను."

పార్లర్ మేడమ్ వదినని కౌంటరు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. వదిన నీళ్లు తాగుతూ, అలవాటుకొద్దీ, బల్ల మీది గాజుపలక కింద ఉన్న కాగితాలన్నీ చదవడం మొదలుపెట్టింది. టీచర్లకి అదొక జబ్బు. మడమలు రుద్దుతున్న ఆమె చేతిలో రాయి ఆగిపోయింది.

ఆ గాజు కింద ఏముందో అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం మడమల ట్రీట్‌మెంట్‌కి కరపత్రం వేయించాలని మేడమ్ సరదాపడింది. ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో ఉండాలంది. పగిలిన మడమలు ఫొటో తీయించుకోవడానికి ఏ కస్టమరూ ఒప్పుకోలేదు. మా ఆయనవి తీసుకొస్తానని ఆమే చెప్పింది. మొదటి ఫొటోలో పగుళ్లు, నడుమ నల్లమరక. రెండోదాంట్లో నున్నటి మడమ, మరక జాడ మాత్రమే. నా కాలు హీరో అయిపోయిందే అని ఆయన ఎంత మురిశాడో. జబ్బు బయటపడిన మర్నాడే ఆమె గోడ మీదివీ, తలుపు మీదివీ చించి పారేసింది. బల్ల మీది గాజు కింద ఇంకొకటుందని తట్టనే లేదు.

వదిన కళ్లజోడు సవరించుకుని వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"ఇది తీసుకోవచ్చామ్మా?" అంది మేడమ్‌తో.

"తీసుకోండి, పాతది. ఇప్పుడా రేట్లు లేవు."

వదిన గాజుపలక కొస ఎత్తి కాగితం లాగి, నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది. మరదలి వైపు చూడకుండా వెళ్లిపోయింది. "రుద్దమ్మా, ఆపేశావేం?" అని కస్టమరు అనేదాకా ఆమెకి చేతులున్నాయన్న సంగతే గుర్తు లేదు. సాయంత్రందాకా ఇంకో నలుగురి కాళ్లు చేసింది. ఎవరివో అడిగితే చెప్పలేకపోయేది.

ఇంటికి వచ్చేసరికి ఆయన కుర్చీలో కాలు ఎత్తుపీట మీద పెట్టుకుని ఉన్నాడు. కరపత్రం బల్ల మీద పరిచి ఉంది. వదిన నిలబడే ఉంది, క్లాసులో తప్పు దొరికినప్పుడు నిలబడ్డట్టు.

"ఇది ఎవరి కాలు?"

ఆమె చేతిసంచి గుమ్మంలోనే దించింది.

"నేను చెప్తా. రెండో వేలు వంకర చూశావా? పదహారేళ్లప్పుడు లిఫ్టు తలుపులో పడి నలిగిన వేలు. కట్టు కట్టింది నేను. కింద తేదీ కూడా అచ్చేశారు, చదవనా? రెండేళ్ల మూడు నెలలు. పొద్దున నాతో ఏమని రాయించావు? రెండు నెలలని! ఎదురుగా కూర్చుని, నా కళ్లల్లోకి చూసి!"

"తప్పయిపోయింది వదినా. గ్రీజనుకున్నాను."

"గ్రీజయితే నాలుగు నెలలుగా దాచడమెందుకు? రుద్ది రుద్ది, గీకి గీకి నువ్వే తెచ్చిపెట్టావు కదే! పండులాంటి మనిషిని..." వదిన కరపత్రాన్ని తమ్ముడి వైపు తోసింది.

"అక్కా, చాలు" అన్నాడు ఆయన.

ఆ మాటలో కోపం లేదు, అందుకే ఆమెకి మరీ భయమేసింది. ఆయన కరపత్రం తీసుకుని, రెండు ఫొటోలూ చూశాడు. "గ్రీజు కాదని నీకెప్పుడైనా అనిపించిందా?" అని అడిగాడు, ఆమె వైపు చూడకుండా.

అబద్ధం చెప్పడానికి ఇంకా ఒక్క అవకాశం ఉంది. ఆమెకి ఇక ఓపిక లేదు.

"అనిపించింది. పోయిన ఏడాది. ఒక్కసారి."

"నాతో అనలేదేం?"

"పని ఎక్కువగా ఉంది ఆ నెల. చూద్దాంలే అనుకున్నా." చెప్పాక ఆ మాట ఎంత చిన్నదో ఆమెకే వినపడింది.

ఆయన కర్ర ఊతంగా లేచి బాల్కనీలోకి వెళ్లాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ముగ్గురి కంచాలూ అలాగే ఉండిపోయాయి. వదిన అన్నం గిన్నె మీద మూత పెడుతూ, "రేపు డాక్టరమ్మకి నువ్వే చెప్పాలి" అంది. "చెప్తాను" అంది ఆమె.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరమ్మ కరపత్రాన్ని దీపం కింద పెట్టి భూతద్దంతో చూసింది. చిన్నపిల్లలా ఉంటుంది ఆవిడ, కళ్ల కింద మాత్రం పెద్దవాళ్లకుండేంత అలసట.

"ఇది ముందే ఇచ్చుంటే బాగుండేది. మచ్చ ఎంత వేగంగా పెరిగిందో తెలిసేది. ఎవరు తీశారు?"

"నేనేనండి" అని ఆమె మొదలుపెట్టింది. బఠాణీగింజ, క్రీము, బ్లేడు, రూపాయి బిళ్ల, పని ఎక్కువగా ఉన్న నెల, రెండు నెలలన్న అబద్ధం, ఒక్కటీ వదల్లేదు. ఏడుపు రాలేదు. బరువు దించుతున్న కూలీలా ఒక్కొక్కటీ దించుతూ పోయింది. చివర్న ఆ ప్రశ్న కూడా దించేసింది. "నేను గీకడం వల్లే అది అంటుకుపోయిందా అండీ? ఆ ప్రోటీను?"

"లేదు" అంది డాక్టరమ్మ వెంటనే. "రాయితో రుద్దితే చర్మం పైపొర పోతుంది. ఈ తప్పు కణం లోపల ఎక్కడో జరిగింది. ఆ ప్రోటీను ఎలా తయారవ్వాలో రాసి ఉండే చోట ఒక్క అక్షరం మారింది. అందుకే కబురు లేకుండానే కబురు పంపుతోంది. మీ బ్లేడు ఆ అక్షరాన్ని మార్చలేదు. మీరు మరక చూసేటప్పటికే అది మారి ఉంటుంది."

వదిన ఊపిరి వదిలింది. ఆమె వదల్లేదు.

"మరి అప్పుడే తీసుకొచ్చుంటే?"

డాక్టరమ్మ కలం మూత తీసి పక్కన పెట్టింది. "అప్పుడైతే కోత చిన్నదయ్యేది. గజ్జల్లోకి పాకకుండా ఉండేదేమో. ఉండేదని కచ్చితంగా చెప్పలేను, ఉండేది కాదనీ చెప్పలేను. మిమ్మల్ని ఊరడించడానికి అబద్ధం చెబితే మీరు నమ్మరు కదా."

"నమ్మను" అంది ఆమె. విచిత్రంగా ఆ మాటే ఆమెకి కొంచెం ఊపిరినిచ్చింది.

"రాసుకోవాలి. మీరు కాక ఇంకెవరైనా చూశారా ఆ మచ్చని?"

వదిన కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"నేను చూశానండి" అంది.

ఆయన తల తిప్పి అక్క వైపు చూశాడు.

"పోయిన ఏడాది వీడు మా ఊళ్లో పనిపడి పది రోజులు నా దగ్గరున్నాడు. కాళ్లు చాపుకుని పడుకుంటే మడమ నల్లగా కనిపించింది. దుప్పటికి గ్రీజంటుతుంది, లేచి కడుక్కురారా అని తిట్టాను. కడుక్కొచ్చాడు. పోలేదు. ఇంకోసారి పంపాను. అప్పుడూ పోలేదు. నీళ్లకి పోనిది గ్రీజెలా అవుతుందని ఒక్క క్షణం ఆలోచించాలి కదా, లెక్కల టీచర్ని! కాలి కింద తువ్వాలు పరిచి ఊరుకున్నాను." వదిన తుడిచిన కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "దుప్పటి గురించి ఆలోచించానండీ నేను. నిన్న ఈ పిల్లని అన్ని మాటలన్నాను. అంటున్నంతసేపూ ఆ తువ్వాలే కళ్ల ముందుంది."

ఆ తర్వాత తన కాగితం తనే తీసుకుని, 'ఆపరేషన్‌కి రెండు నెలల ముందు' కొట్టేసి, పైన 'ఇప్పటికి రెండేళ్ల మూడు నెలల కిందట' అని రాసింది. దాని కింద ఇంకో వాక్యం రాసింది. రోగి అక్క పోయిన ఏడాది చూసింది, పట్టించుకోలేదు. ముప్పై రెండేళ్లు ఇతరుల తప్పులు దిద్దిన చెయ్యి, అక్షరం మాత్రం వంకర పోలేదు.

డాక్టరమ్మ స్కాను చూపించింది. గ్రంథి సగానికి తగ్గింది. మాత్రలు పనిచేస్తున్నాయి.

"ఎన్నాళ్లు చేస్తాయండీ?" అన్నాడు ఆయన.

"కొందరికి ఏళ్లు. కొందరికి నెలలే. ఒక దారి మూసేస్తే కణం ఇంకో దారి వెతుక్కోవచ్చు."

"లిఫ్టు ఆపేస్తే మెట్లెక్కుతుందన్నమాట."

"అంతే. అందుకే మెట్ల దగ్గర కూడా కాపలా పెట్టాలా అని వచ్చే వారం పెద్ద డాక్టర్లందరం మాట్లాడుకుంటాం."

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మందుల కౌంటరు ముందు పొడుగాటి వరస. వదిన చీటీ పట్టుకుని వెళ్లి వరసలో నిలబడింది. ఆయనా, భార్యా మిగిలారు. ఇద్దరి మధ్య ఒక మనిషి కూర్చునేంత ఖాళీ.

"నా మీద కోపంగా ఉందా?" అంది ఆమె చివరికి.

"ఉంది."

"ఉండాలి లెండి."

"మచ్చ గురించి కాదు." ఆయన చేతికర్ర పిడి తిప్పుతూ నేలవైపు చూస్తున్నాడు. "కాలు నాదే కదా, నా కళ్లేం పోయాయి? వంగి చూసుకున్నానా? కోపం దానికి కాదు. నాలుగు నెలలుగా నువ్వు నా కాలు ముట్టుకోలేదు. కట్టు విప్పుతుంటే లేచెళ్లిపోతావు. రోజూ చూస్తూనే ఉన్నా. అతుకేసిన చర్మం, ఆ గుంట, ఆ రంగు... నీకు అసహ్యం వేస్తోందనుకున్నా."

ఆమె తలెత్తింది.

"అడుగుదామనుకున్నా చాలాసార్లు. అవునంటావేమోనని భయమేసింది. చావంటే అంత భయం వేయలేదే నాకు. నువ్వు మళ్లీ నన్ను ముట్టుకోకుండానే నేను పోతానేమోనని..." ఆయన చేతికర్ర బెంచీకి ఆనించాడు.

నిన్న కరపత్రం చూసినప్పుడు రాని ఏడుపు, ఇందాక అన్నీ చెప్పినప్పుడు రాని ఏడుపు, ఇప్పుడు వచ్చింది. వరండా నిండా జనం. ఆమెకి ఎవరూ కనపడలేదు. తన తప్పుని దాచుకుంటున్నాననుకుంది ఇన్నాళ్లూ. ఆ దాపరికం వెనక ఈ మనిషి ఒంటరిగా కూర్చుని కట్టు కట్టుకుంటున్నాడని, ఆ కట్టుతో పాటు ఈ ఊహ కూడా రోజూ చుట్టుకుంటున్నాడని ఆమెకి తట్టనే లేదు. రెండేళ్ల తప్పుకంటే ఈ నాలుగు నెలల తప్పు పెద్దదనిపించింది.

"అసహ్యం వేసిన మాట నిజమేనండీ" అంది వెక్కుతూ. "మీ కాలంటే కాదు. నా చేతులంటే."

ఒళ్లో ముడుచుకున్న ఆమె రెండు చేతుల్నీ ఆయన ఒక్కొక్కటిగా విడదీసి, తన చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. వేడినీళ్లకి నాని నాని ముడతలు పడ్డ చేతులు. వాటి మీద ముఖం పెట్టుకుని ఆయన కూడా ఏడ్చాడు.

వరసలో నుంచి వదిన చూసింది. తన వంతు వచ్చింది, కౌంటరతను పిలుస్తున్నాడు. "వెనకాలవాళ్లకి ఇవ్వు నాయనా, మాకు తొందర లేదు" అని ఆవిడ పక్కకి జరిగి నిలబడింది.